వార్షిక నివేదిక 2024-25: బండ తునకలు, శెనక్కాయ పొట్టు, తోలు ముక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

పారేసే సరుకుతో బొమ్మలు, పలకలు చేసే మన పని ఈ ఏడాది మూడు సరుకుల మీద సాగింది: తాడిపత్రి పాలిష్ యూనిట్ల బయట కుప్పపడే నల్లబండ తునకలు, కాయలు వలిచే మిషన్ల దగ్గర మిగిలే శెనక్కాయ పొట్టు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు కోయగా మిగిలిన మేకతోలు ముక్కలు. బొమ్మ కట్టడం కంటే సరుకు సిద్ధం చేయడానికే ఎక్కువ రోజులు పట్టింది. తొందరపడిన చోటల్లా పని చెడింది.

బండ తునకలను కోత పొడి పూర్తిగా పోయేదాకా కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి. ఆ పొడి మిగిలితే సిమెంటు రాయిని పట్టుకోదు, పొడినే పట్టుకుంటుంది. ముక్క చేతికి ఊడొస్తుంది. గరుకు ముఖం కిందికి ఉండాలి. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు జల్లించిన ఇసుక, అరంగుళం మందం, ఆపైన ఏడు రోజులు తడి గోనెపట్టా. ఒక పలక మీద సిమెంటు మరకలు పోవాలని బాత్రూమ్ యాసిడ్ పోశాం. నల్లబండ సున్నపురాయి కదా, బుసబుస పొంగి, నిగనిగలాడే నలుపు కాస్తా బూడిదరంగుకు తిరిగింది. మళ్లీ పాలిష్ పట్టించక తప్పలేదు. అతికించిన అరగంటలోపే తడి గోనెతో తుడిస్తే యాసిడ్ జోలికి పోయే పనే ఉండదు.

శెనక్కాయ పొట్టులో బూజు పట్టినది ఒక్క గుప్పెడు కూడా వాడొద్దు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, దంచేటప్పుడు దుమ్ముతో లోపలికి పోతుంది. మంచి పొట్టుకైనా మాస్కు తప్పనిసరి. కొలత ఇది: నానిన పాతపేపరు గుజ్జు రెండు పాళ్లు, పొట్టు పొడి ఒక పాలు, ముద్ద కట్టేంత చింతగింజల జిగురు. గింజలు వేయించి, పైతొక్క తీసి తిరగలిలో విసిరిన పిండి 100 గ్రాములను లీటరు చన్నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, సన్నసెగ మీద గరిటెకు అంటుకునేదాకా ఉడికించాలి. చల్లారాక ప్లాస్టిక్ బకెట్లోకి మార్చి, పురుగు పట్టకుండా అర టీస్పూను మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించి కలపాలి. ఇనుప బాణలిలో కలిపితే తుత్తంలోని రాగి ఇనుముకే పట్టుకుపోతుంది, పురుగును ఆపే గుణం పోతుంది. చేతికి తొడుగులు వేసుకోవాలి, వంటగిన్నెలు ఈ పనికి వాడొద్దు. పిల్లలు చేసే చోట తుత్తం బదులు నానబెట్టి రుబ్బిన మెంతులే మేలు, మన అవ్వలు కాగితం బుట్టలకు కలిపినట్టే.

ఈ ముద్దతో పలకలు చేసేటప్పుడు ఒక్కో పొర పావంగుళం దాటకూడదు. ముసురు రోజుల్లో ముప్పావంగుళం మందం వేసిన పలకలు పైన ఎండి, లోపల పచ్చిగా ఉండి, వెనక తెల్లగా బూజు పట్టాయి. నేరుగా ఎండలో పెట్టినవి ఒకవైపే ఎండి వంకర తిరిగాయి. నీడలో, జల్లెడ మీద, రోజుకు రెండుసార్లు తిప్పినవే నిలిచాయి. వాటికి సున్నం, జాజు (ఎర్రమట్టి రంగు) పూశాం.

తోలుకు నీళ్ల జిగురు పనికిరాదు. ఉబ్బి, ఆరేటప్పుడు చుట్ట చుట్టుకుంటుంది. ఉలితో బెజ్జాలు పెట్టి నూలుదారంతో కుట్టాం. వెలుగు కోసం తోలు వెనక ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, మామూలు బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది.

సరుకులన్నీ ఉచితంగానే దొరికాయి. డబ్బు ఆటో బాడుగకు, సిమెంటుకు, జల్లెళ్లకు పోయింది. లెక్కల పుస్తకం సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ ఉంచుతాం.

వచ్చే ఏడాది జిగురుకు చింతగింజలు కావాలి. వేసవిలో ఇంట్లో చింతపండు కొట్టినప్పుడు గింజలు పారేయకుండా, కడిగి, బాగా ఎండబెట్టి తెచ్చివ్వండి.