సరళాసాగర్‌కు పార్కు తర్వాత, ముందు సైరన్

సంపాదకులకు,

వానలు పడగానే మా వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ ప్రాజెక్టు సైఫన్లు (మట్టం పెరగగానే నీళ్లను వాటంతటవే వదిలే గొట్టాలు) తెరుచుకున్నాయని ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి. మర్నాటికల్లా వనపర్తి, గద్వాల, మహబూబ్‌నగర్ నుంచి జనం బండ్లు కట్టుకొని వస్తారు. ఇక్కడ పార్కు, బోటింగు, వ్యూ పాయింట్ కావాలని అడగడంలో తప్పేం లేదు. అయితే ఈ ప్రాజెక్టు పనిచేసే తీరు జూరాలది కాదు, నాగార్జునసాగర్‌ది అసలే కాదు. ఆ తేడా పట్టించుకోకుండా బెంచీలు, ఊయలలు వేస్తే ఏదో ఒక ఆదివారం ప్రాణాల మీదికి వస్తుంది.

నాగార్జునసాగర్‌లో 26 క్రస్ట్ గేట్లు ఉన్నాయి. నీటిమట్టం 590 అడుగులకు దగ్గర పడేసరికే శ్రీశైలం నుంచి ఎంత వస్తున్నదీ లెక్క చేతిలో ఉంటుంది. గేటు ఐదడుగులు ఎత్తాలా, పదడుగులు ఎత్తాలా అన్నది ఇంజినీర్లు కూర్చుని తేల్చే సంగతి. ఎత్తే ముందు దిగువకు కబురు వెళ్తుంది, సైరన్ మోగుతుంది. జూరాలకూ అంతే, ఎగువన కర్ణాటకలోని నారాయణపూర్ డ్యాంలో వదిలిన నీళ్లు జూరాలకు చేరేసరికి గంటలు పడుతుంది. సరళాసాగర్‌లో ఎత్తడానికి గేటే లేదు. నీళ్లు వదలమని చెప్పే అధికారి కూడా లేడు. అర్ధరాత్రి ఊకచెట్టు వాగు ఎగువన గట్టి వాన పడితే, ఎవరినీ అడగకుండా ప్రాజెక్టే నీళ్లు వదిలేస్తుంది.

వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు పెట్టుకున్న ఈ ప్రాజెక్టు 1959లో ప్రారంభమైంది. నిల్వ అర టీఎంసీ. 17 హుడ్ సైఫన్లు (కప్పు ఉన్నవి), 4 ప్రైమింగ్ సైఫన్లు (మిగతావి పని మొదలుపెట్టేలా చేసేవి) దీని ప్రత్యేకత. ఆసియాలోనే మొదటిదని చెప్పుకుంటాం, సంతోషమే. అది ఎట్లా పనిచేస్తుందో చెప్పే బోర్డు ఒక్కటి పెద్దక్షరాల్లో పెడితే ఇంకా సంతోషం.

డ్రమ్ములోంచి రబ్బరు పైపుతో డీజిల్ పీల్చి వదిలితే, పైపు నిండిన తర్వాత ఇక నోరు పెట్టక్కర లేకుండా దానంతటదే కారుతూ ఉంటుంది కదా, సైఫన్ సూత్రం అదే. అలుగు గోడ మీద కాంక్రీటు కప్పు వేసి ఉంటుంది. చెరువు వైపు దాని మూతి నీటిలో మునిగి ఉంటుంది. నీటిమట్టం గోడ దాటి కొద్ది అంగుళాలు ఎక్కగానే పలచగా పారడం మొదలవుతుంది. ఆ పారే నీరు కప్పు కింద ఉన్న గాలిని తనతో పాటు ఈడ్చుకుపోతుంది. గాలంతా పోయిన క్షణాన సైఫన్ ‘పట్టుకుంటుంది’, గొట్టం నిండుగా నీళ్లు దూకుతాయి. మట్టం కిందికి దిగి, కప్పులోకి గాలి పోయే రంధ్రం, అంటే గాలి దారి, బయటపడ్డాక, గాలి లోపలికి చొరబడితే గానీ ఆగదు.

మామూలు అలుగు మీద అడుగు మందాన నీరు పారితే, అలుగు పొడవులో ఒక్కో అడుగుకు పోయేది సుమారు మూడు క్యూసెక్కులు. అదే సైఫన్ పట్టుకుంటే, పైనీటికీ కింది మూతికీ పదిహేను అడుగుల తేడా ఉందనుకుందాం, గొట్టం నోరు చదరపు అడుగుకు ఇరవై క్యూసెక్కులు తేలిగ్గా పోతాయి. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు. అలుగు మెల్లగా పెరుగుతుంది, కింద నిలబడ్డ మనిషికి పక్కకు తప్పుకునే వ్యవధి ఇస్తుంది. సైఫన్ ఆ వ్యవధి ఇవ్వదు. చీలమండ తడిపే నీరు కాసేపట్లోనే మనిషిని పడేసే వరద అవుతుంది. పైగా వచ్చే ప్రవాహాన్ని బట్టి ఒకసారి ఒకటే తెరుచుకుంటుంది, ఇంకోసారి ఐదారు. ‘ఇందాకటి నుంచి రెండే పారుతున్నాయి గదా’ అని కింద బండల మీద కూర్చున్న వాళ్లకు మూడోది ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పేవారు లేరు.

ఫొటోల కోసం దిగేదీ అక్కడికే. నీళ్లు దూకే చోట కాంక్రీటు మీద పాచి పేరుకొని ఉంటుంది, చెప్పులతో నిలబడితే కాలు నిలవదు. పడిన మనిషిని కిందికి దూకే నీరు అడుగుకు తొక్కుతుంది, పైన తిరగబడే నీరు మళ్లీ ధార కిందికే లాగుతుంది. ఈత వచ్చినా లాభం ఉండదు. సైఫన్లు ఆగిపోయాక కూడా అక్కడి మడుగు లోతు తగ్గదు.

చెరువు వైపు సంగతి ఇంకో రకం. అలుగు దుంకుతుంటే నీరు అటు లాగడం కంటికి కనబడుతుంది. సైఫన్ మూతి నీటి లోపల ఉండటంతో పైన నీరు నిమ్మళంగా కనబడుతుంది, దగ్గరికి పోతే గానీ సుడి తెలియదు. పుట్టి వేసుకొని వల తీసేవాళ్లకు ఇది తెలుసు, వాళ్లు ఆ దరిదాపులకు పోరు. బోటింగు పెడితే వచ్చే కొత్తవాళ్లకు తెలియదు. కాబట్టి బోటు కంటే ముందు సైఫన్లకు చాలా ఎడంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఉక్కు తాడు, దానికి నారింజ రంగు డ్రమ్ములు కట్టాలి. సైఫన్లు పారుతున్నంతసేపూ, మట్టం పైకి ఎక్కుతున్నప్పుడూ బోట్లు ఒడ్డుకు కట్టేయాలి. బోటు పక్కన ఎందరు ఎక్కవచ్చో రాసి ఉండాలి, ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. పిల్లలకు పిల్లల కొలతవే ఇవ్వాలి, పెద్దది తొడిగితే నీళ్లలో పడగానే తల మీదుగా జారిపోతుంది.

చెత్తను పంచాయతీ పనిగా వదిలేయొద్దు. ఇక్కడ అది నేరుగా సైఫన్‌కే తగులుతుంది. పాలిథిన్ కవర్లు, గుర్రపుడెక్క, ప్లేట్లు గాలి దారికి అడ్డం పడితే ఆగాల్సిన చోట సైఫన్ ఆగదు, ఆయకట్టుకు దాచుకున్న నీరు వాగు పాలవుతుంది. కప్పుకు పగులొస్తే దానికి ఎదురు జరుగుతుంది. ఆ సందులోంచి గాలి పీల్చుకుంటూ ఉండటంతో సైఫన్ పట్టుకోదు, వట్టి అలుగులాగా కొద్దిగా పారుతుంది, ఇటు నీరు కట్టకు ఎక్కుతుంది. కప్పుల మీదికెక్కి సెల్ఫీలు దిగేవాళ్లను ఆపడానికి కంచె వేయమంటున్నది అందుకు కూడా. ఏటా మే నెలలోనే కప్పులన్నీ తట్టి చూసి, పగుళ్లు పూడ్చి, గాలి దారులు శుభ్రం చేయాలి. వానలు మొదలయ్యాక చేసేది కంటితుడుపు.

కట్ట దగ్గర ఇంకా కొంచెం ఆగాలి. 2019 డిసెంబర్ 31న ఈ ప్రాజెక్టు మట్టికట్ట తెగి, నిండుగా ఉన్న నీరంతా దిగువన ఉన్న రామన్‌పాడు రిజర్వాయర్ వైపు వెళ్లిపోయింది. అప్పుడు వరదల కాలం కూడా కాదు. కట్ట తెగాలంటే పైనుంచి పొర్లాల్సిన పని లేదు. ఎలుకల బొరియలు, చెట్ల వేర్లు కుళ్లిన సందులు, తూము పక్కన వదులైన మట్టి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, నీరు లోపలి నుంచి తొలుచుకుంటూ వస్తుంది. కట్ట దిగువ పాదం దగ్గర తేట నీరు ఊరితే కొలుస్తూ ఉండాలి. అదే నీరు మట్టి రంగులోకి తిరిగిందంటే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, ఆ రాత్రికే ఇసుక బస్తాలు, కంకర దించాలి.

ఇప్పుడు ఎక్కడ చూసినా కట్టలను మినీ ట్యాంక్‌బండ్లు చేయాలన్న మోజు ఉంది. సరళాసాగర్ కట్ట మీదా మొక్కలు నాటి, స్తంభాలు పాతి, దుకాణాలు పెడతారేమోనని మా భయం. కట్ట వాలు మీద గడ్డి తప్ప వేరు దిగే చెట్టేదీ ఉండకూడదు. స్తంభం కోసం తీసిన గుంత సరిగా దిమ్మిస చేయకపోతే వాన నీటికి అదే దారి. విహారానికి వచ్చినవాళ్లు మూడు రాళ్ల పొయ్యికి రివిట్‌మెంట్ రాళ్లు (అలలకు కట్ట కోసుకుపోకుండా వాలు మీద పరిచినవి) పీకుతున్నారు. ఒక రాయి లేస్తే అల దాని చుట్టుపక్కల నాలుగింటిని కదిలిస్తుంది. వంటకు కట్ట అవతల, మెరక మీద సిమెంటు పొయ్యిలు నాలుగు కట్టి, నల్లా, మరుగుదొడ్లు అక్కడే ఇస్తే రాళ్ల జోలికి ఎవరూ రారు. పార్కింగు కూడా అక్కడే, బండి మూతి రోడ్డు వైపు పెట్టించాలి.

ఇక మదనాపురం, ఆత్మకూరు మధ్య దారి. సైఫన్లు తెరుచుకుంటే వాగు మీది కాజ్‌వే (ఎత్తు తక్కువ వంతెన) మునిగి రాకపోకలు ఆగుతాయి. మోకాలి లోతు పారే నీటిలో మనిషి నిలదొక్కుకోవడమే కష్టం, రెండడుగులైతే కారు తేలిపోతుంది. నీటి కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి తెలియనే తెలియదు. ఏటా ముళ్లకంప అడ్డం వేసి, ఒక హోంగార్డును నిలబెట్టి సరిపెడుతున్నారు.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. నీరు అలుగు గోడ మట్టానికి అడుగు కింద ఉండగానే మోగేలా ఫ్లోట్ స్విచ్‌తో (నీటి మీద తేలుతూ మట్టం ఎక్కగానే దానంతటదే పనిచేసే స్విచ్) ఒక సైరన్, గోడ మట్టానికి చేరగానే మోగేలా రెండోది. రెండింటి మోత వేరుగా ఉండాలి. కరెంటు పోయే రాత్రే వరద వస్తుంది కాబట్టి రెండూ సోలార్ బ్యాటరీ మీద నడవాలి. వానాకాలమంతా వారం వారం ఫ్లోటును చేత్తో ఎత్తి మోగించి చూడాలి, లేకుంటే పాచి పట్టి బిగుసుకుంటుంది. మొదటి మోతకే సైఫన్ల కింది నుంచి జనాన్ని పైకి పంపాలి. రెండో మోతకు కాజ్‌వే రెండు వైపులా ఇనుప పైపు గేట్లు వేసి తాళం పెట్టాలి. పక్కనే అడుగుల లెక్క రాసిన స్తంభాలు, రాత్రి మెరిసే పట్టీలు ఉండాలి. చూడటానికి వచ్చేవాళ్లకు సైఫన్లకు పక్కగా, వరద అందని ఎత్తులో రెయిలింగుతో గ్యాలరీ కట్టాలి. దూకే నీళ్లు అక్కడి నుంచీ చక్కగా కనిపిస్తాయి.

కాజ్‌వే గేట్ల తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నది నీటిపారుదల, రోడ్లు భవనాలు, పోలీసు శాఖలు జూన్ లోపల కూర్చుని తేల్చుకోవాలి. తేలిన మనిషి హోదా, ఫోన్ నంబరు ఆ గేటు మీదే రంగుతో రాయించాలి.

– విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్లు కొందరు,
కొత్తకోట, వనపర్తి జిల్లా