విందు రాత్రికి ముందున్న బెల్షస్సరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బబులోను పతనంపై వచ్చిన వ్యాసంలో బెల్షస్సరును బబులోను చక్రవర్తి నెబుకద్నెజరు కుమారుడిగా, ఆ రాజ్యపు ఆఖరి రాజుగా పేర్కొన్నారు. బైబిలులోని దానియేలు గ్రంథం ఐదవ అధ్యాయం ఆయనను అలాగే, విందు చేస్తుండగా గోడపై రాత కనిపించి ఆ రాత్రే హతుడైన రాజుగా చూపుతుంది కనుక బైబిలు చదివేవారికి అది కొత్త విషయం కాదు. అయితే వ్యాసం చరిత్ర పేరుతో వచ్చింది కాబట్టి, ఆ కాలపు మట్టి పలకలు ఆయన గురించి చెబుతున్నది కూడా పాఠకుల ముందుంచడం న్యాయమని నా అభిప్రాయం.

ఆ పలకల ప్రకారం బెల్షస్సరు తండ్రి నబోనిడస్. క్రీ.పూ. 562లో నెబుకద్నెజరు మరణించాక ఆరేళ్ళలోనే ముగ్గురు సింహాసనం ఎక్కి దిగారు. వారిలో చివరివాడిని 556లో కుట్రతో తొలగించాక రాజైన నబోనిడస్ కొన్నేళ్ళకే అరేబియా ఎడారిలోని తేమాకు వెళ్ళి, సుమారు పదేళ్ళు అక్కడే ఉండిపోయాడు. వెళ్ళేముందు సైన్యాన్నీ రాజ్యభారాన్నీ పెద్దకొడుకైన బెల్షస్సరుకు అప్పగించాడు. యువరాజు మనుషులు వెండి అప్పులివ్వడం, ఇళ్ళు అద్దెకు తీసుకోవడం, సిప్పారు నగరంలోని ఆలయానికి ఆయన కానుకలు పంపడం, కొన్ని ఒప్పందాల్లో తండ్రి పేరుతో పాటు ఆయన పేరు మీదా ప్రమాణం చేయడం వంటి వివరాలన్నీ ఈ లెక్కల పలకల్లోనే ఉన్నాయి.

ఇంత అధికారం చేతిలో ఉన్నా ఆ పత్రాల్లో ఆయన ఎప్పుడూ ‘రాజు కుమారుడే’ తప్ప రాజు కాడు. సంవత్సరాలను కూడా తండ్రి పాలనాకాలంతోనే లెక్కపెట్టారు. వసంతంలో జరిగే అకీతు నూతన సంవత్సర ఉత్సవానికి రాజు స్వయంగా హాజరు కావాలి. నబోనిడస్ దూరాన ఉన్న ఏళ్ళలో రాజు రాలేదని, దేవుడి ఊరేగింపు సాగలేదని, ఉత్సవం జరగలేదని ఆ కాలపు సంఘటనలను ఏడాదివారీగా రాసిన బబులోను వృత్తాంత పలక ఏటేటా అదే మాట నమోదు చేస్తూ పోయింది. నగరాన్ని నడుపుతున్న యువరాజు ఆ ఒక్క స్థానాన్ని మాత్రం భర్తీ చేయలేకపోయాడు. అదే పలకలో క్రీ.పూ. 547 నాటి మరో నమోదు ఉంది: రాజమాత సిప్పారుకు ఎగువన, యూఫ్రటీసు ఒడ్డునున్న దూర్‌కరాషులో మరణించగా, యువరాజూ ఆయన సైన్యమూ మూడు రోజులు శోకించారు. తండ్రి అందుబాటులో లేనప్పుడు నానమ్మ మరణానికి సేనలతో కలిసి దుఃఖించిన ఆ మనిషిని, దానియేలు గ్రంథంలోని ఆ ఒక్క విందుతో తూచి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆయన పేరు ప్రాచీన గ్రీకు చరిత్రకారులైన హెరొడోటస్ రచనలోగానీ జెనోఫన్ రచనలోగానీ కనిపించనందువల్ల, పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు పండితులు బెల్షస్సరును కల్పిత పాత్రగా భావించారు. 1854లో జె. జి. టేలర్ ‘ఊర్’ అనే ప్రాచీన నగరపు జిగ్గురాతులో (మెట్లమెట్లుగా కట్టిన ఆలయ గోపురంలో) రాతలున్న మట్టి స్తంభికలను వెలికితీశాక ఆ వాదన నిలవలేదు. వాటిలో నబోనిడస్ చంద్రదేవుడైన సిన్‌కు చేసిన ప్రార్థన ఉంది. తన పెద్దకొడుకు బెల్షస్సరు హృదయంలో దైవభక్తిని నిలపమని, అతడు పాపం చేయకుండా చూడమని ఆ తండ్రి వేడుకున్నాడు. యెరూషలేము ఆలయ పాత్రల్లో ద్రాక్షారసం తాగి దైవదూషణ చేసినవాడిగా లోకమంతా ఎరిగిన వ్యక్తి కోసం అలాంటి ప్రార్థన జరిగిందని ఎంతమందికి తెలుసు?

అయితే ఈ స్తంభికలను చూపి దానియేలు గ్రంథంలోని ప్రతి వాక్యమూ రుజువైందని చెప్పడం కూడా తొందరపాటే. తండ్రి పేరూ రాజు బిరుదూ పలకలతో పొసగవు. క్రీ.పూ. 539 అక్టోబరులో ఓపిసు యుద్ధంలో బబులోను సేన ఓడింది, సిప్పారు పోరాటం లేకుండానే లొంగింది, ఆ తర్వాత రెండు రోజులకు ఉగ్బారు అనే సేనాని నాయకత్వంలో పారసీక రాజు కోరెషు సేన యుద్ధం లేకుండా బబులోనులో ప్రవేశించింది, నబోనిడస్ పట్టుబడ్డాడు. నగరం పట్టుబడిన ఘట్టం గురించి వృత్తాంత పలక ఇంతవరకే చెబుతుంది. ఆ రాత్రే బెల్షస్సరు హతుడయ్యాడన్నది దానియేలు గ్రంథం చెప్పిన మాట. గోడపై రాత సంగతి విశ్వాసానికి సంబంధించింది, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. నేను కోరేదల్లా ఏ మాట గ్రంథానిదో, ఏ మాట పలకలదో పాఠకుడికి విడిగా తెలియాలనే. బెల్షస్సరు తండ్రి పేరును సరిచేస్తూ, తేమా సంవత్సరాల్లో ఆయన నిర్వహించిన బాధ్యతలను వివరిస్తూ రాబోయే అనుబంధంలో ఒక చిన్న వివరణ ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక చరిత్ర అధ్యాపకుడు