గూగుల్‌కి ఏమిచ్చామో మాకూ చెప్పండి

ఎడిటర్ గారికి,

విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025 అక్టోబరులో ప్రకటన రాగానే మా వాట్సాప్ గ్రూపుల్లో పండగే పండగ. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లట. వద్దనడానికి నేనెవర్ని, మా వాడూ బీటెక్కే చదువుతున్నాడు. కానీ కరెంటు లెక్క దగ్గర నాకు నిద్ర పట్టడం లేదు.

దాని సామర్థ్యం ఒక గిగావాట్ అంటున్నారు, అంటే 1,000 మెగావాట్లు. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం కలిపి 2,000. ఈ డేటా సెంటర్ పూర్తి లోడు మీద రాత్రీ పగలూ నడిస్తే రోజుకి 2.4 కోట్ల యూనిట్లు, నెలకి 200 యూనిట్లు కాల్చే ఇళ్లయితే 36 లక్షల ఇళ్లకి సరిపోతుంది! సర్వర్లు చల్లబడాలంటే నీళ్లూ కావాలి. మేముండేది ముడసర్లోవ దగ్గర్లోనే, కుళాయి వచ్చే ముప్పావుగంటలో బిందెలూ డ్రమ్ములూ నిండాక మా ఆవిడ పాత పెయింటు డబ్బాలు కూడా కడిగి పట్టేస్తుంది.

గూగుల్‌కి మన రాష్ట్రం ఇచ్చే రాయితీలు 22,000 కోట్ల రూపాయలని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే అంటే, ఆంధ్రా వంటలు ఘాటుగానే ఉంటాయి, పక్కవాళ్లకి మండుతున్నట్టుందని లోకేశ్ గారు చురక వేశారు. నేనూ నవ్వాను. సరే, అంకె తప్పయితే అసలు అంకెంతో మాలాంటి వాళ్లకి అర్థమయ్యేలా ఒక కాగితం మీద రాసి పెడితే సరిపోయేది కదా.

ఈ కంపెనీకే 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో పెత్తనం చేసిందని 1,337.76 కోట్ల జరిమానా వేసింది, 2024 ఆగస్టులో అమెరికా కోర్టు కూడా సెర్చ్‌లో చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తేల్చింది. అలాంటివాళ్లకి రాయితీ ఇవ్వడమంటే కుబేరుడికి చందా రాసినట్టే. మనం ఇవ్వకపోతే ఇంకో రాష్ట్రానికి పోతారంటారు. నిజమే, పోతారు. రాష్ట్రాల్ని ఒకదాని మీద ఒకటి వేలం పాడించగలగడమే వాళ్ల బలం.

స్టీల్ ప్లాంటు సంగతి చూడండి. 64 ఊళ్లు భూములిచ్చాయి, భూములు పోయినవాళ్లకిచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగి తిరిగి ముసలైపోయిన వాళ్లున్నారు. సొంత గనులివ్వండి మొర్రో అని ఎన్నేళ్లు అడిగినా ఇవ్వలేదు సరికదా, 2021 జనవరిలో అమ్మేస్తామన్నారు. 11,440 కోట్ల ప్యాకేజీ రావడానికి నాలుగేళ్లు రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. వేల మందికి అన్నం పెట్టే ఫ్యాక్టరీకి అన్ని లెక్కలు అడిగినవాళ్లు, కట్టడం అయిపోయాక కొద్దిమందితో నడిచిపోయే సర్వర్ల గోడౌనుకి ఎందుకు అడగరో నాకర్థం కాదు.

మీ విలేకరులు దయచేసి మూడు సంగతులు కనుక్కుని వేయండి: యూనిట్ ఎంతకి ఇస్తున్నారు, నీళ్లు ఏ రిజర్వాయరు నుంచి, పర్మనెంట్ ఉద్యోగాలు ఎన్ని.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం