పాస్‌పోర్టు నా జేబులోనే ఉందిరా ఓబులేసూ

మా ఊరు, మైదుకూరు దగ్గర
17 జనవరి 2025

ఒరేయ్ ఓబులేసూ,

ఎంత తిట్టుకున్నా పడతాను. నీకు రెండు ముక్కలు రాసి నాలుగేళ్ళు దాటింది. నీ పాత నంబరు ఎప్పుడు చేసినా స్విచాఫ్. మొన్న మైదుకూరు బస్టాండులో మీ బావమరిది కనబడితే చెయ్యి పట్టుకుని టీకొట్టుకు లాక్కుపోయాను. నీ కొత్త నంబరూ ఇచ్చాడు, బెంగళూరు అడ్రసూ ఇచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. దాని గురించి చివర్లో నీతో గొడవ పడతాను, ముందు ఇది చదువు.

ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు తీసి ఆగిపోయాను. ఫోన్లో చెబితే 'సరేలేరా' అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే మాత్రం రెండుసార్లు చదువుతావు. కువైట్‌లో మన ఖైతాన్ రూములో పదిమందికీ ఫారాలు నింపిపెట్టినవాడివి కదా.

ఇంటి సంగతులు: అమ్మకు మోకాళ్ళ నొప్పులు అట్లే ఉన్నాయి, నడుస్తోంది. పాప ఏడో తరగతి. పసుపు ఇంకా తవ్వలేదు. పండగకు నాటుకోడి, సంగటి, అన్నీ అయినాయి. మిగతావి తర్వాత.

అసలు సంగతి, నేను షూన్ అయిపోయానురా, కంపెనీ వీసా! ఇంటి పనివాడి ఖాదిం వీసా కాదు. ఇరవయ్యో నంబరు వీసా పోయి పద్దెనిమిది వచ్చింది. పాస్‌పోర్టు నా చొక్కా జేబులో ఉంది, ఇది రాస్తూ కూడా ఒకసారి తడిమి చూసుకున్నాను.

ఎట్లా జరిగిందో మొదటినుంచి చెబుతాను. ఇంటి వీసా మీద ఉన్నవాణ్ణి కంపెనీకి మామూలుగా మారనివ్వరని నీకు తెలుసు. పోయిన జూలైలో మాత్రం రెండు నెలలు తలుపు తీశారు. 14 జూలై నుంచి 12 సెప్టెంబరు వరకు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గర కనీసం ఏడాది చేసి ఉండాలి, కఫీల్ ఒప్పుకోవాలి, యాభై దీనార్లు కట్టాలి. ఈ మాట శుక్రవారం మనవాళ్ళు చేరే మాలియాలో విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీళ్ళ ట్యాంకర్ల కంపెనీ ఒకటి డ్రైవర్ల కోసం చూస్తోంది. అక్కడ వీసా కాగితాల పని చూసే మందూబ్ నెల్లూరాయన, మంచి మనిషి. "మీ బాబా సంతకం తెచ్చుకో, మిగతాది నా మీద వదిలెయ్" అన్నాడు.

మా యజమాని బాబా ఏమన్నాడో నువ్వే చెప్పు చూద్దాం. అదే, 'బుక్రా', రేపు! నువ్వు పెట్టిన పేరు ఊరికే పోలేదు. బుక్రా బాబా నిజంగానే బుక్రా బాబా. అడిగిన రోజు బుక్రా, తెల్లారితే బుక్రా. ఆగస్టు మొత్తం బుక్రాలతోనే గడిచిపోయింది. కోపంతో అనలేదు పాపం, మనిషి చెడ్డవాడు కాదు. ఇంటావిడ మామానే ఒప్పుకోలేదు. ఆమెకు వారానికి మూడుసార్లు ఆస్పత్రి, నేను తప్ప ఎవరు తీసుకుపోయినా కారులో భయమట. ఎనిమిదేళ్ళు ఆమెను కూర్చోబెట్టుకుని తిప్పాను. ఆ భయం నాకు అర్థమైంది కూడా. కానీ దినాలు తరిగిపోతున్నాయి.

చివరికి బదులు మనిషిని నేనే వెతికాను. బాబా తమ్ముడింట్లో చేసిన బద్వేలు కుర్రాడు, బండి నెమ్మదిగా నడుపుతాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు వారాలు ఆస్పత్రికి తీసుకుపోయాను. ఏ గేటు దగ్గర ఆపాలి, వీల్‌చైర్ ఎక్కడ ఉంటుంది, ఆమెకు ఏసీ ఎంత ఉండాలి, అన్నీ చూపించాను. రెండో వారం చివర్లో మామా వెనక సీట్లోనే నిద్రపోయింది. అద్దంలో చూశాను. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

సెప్టెంబరు 8, ఆదివారం రాత్రి. ఇషా నమాజు అయింది. గడువు ఇంక నాలుగు రోజులు. బాబా అతిథుల గది దివానియాలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఎనిమిదేళ్ళలో ఆ సోఫా మీద నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. "ఎన్నేళ్ళయింది?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. లేచి లోపలికి పోయి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. గుండ్రంది, రేకు డబ్బా, మూత మీద గుర్రబ్బండి బొమ్మ. నీకు ఎన్నోసార్లు చెప్పాను, అదే డబ్బా. మూత తీస్తే వంటామె పాస్‌పోర్టు, ఫిలిప్పీన్స్ అమ్మాయి పాస్‌పోర్టు, నాది. మూడింటికీ కలిపి ఒకే రబ్బరు బ్యాండు. ఆ వేడికి రబ్బరు కరిగి నా పాస్‌పోర్టు అట్టకు అతుక్కుపోయింది. బాబా గోరుతో గీకి గీకి తీశాడు. నీలం అట్ట మీద అడ్డంగా తెల్లటి గీత ఒకటి మిగిలిపోయింది. ఇప్పటికీ ఉంది. వేలు పెట్టి రుద్దితే కొంచెం జిగురుగా తగులుతుంది.

ఇచ్చేటప్పుడు బాబా "మాఫీ ముష్కిల్", ఏం పర్లేదు, అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.

నాన్న పోయినప్పుడు ఆ డబ్బా గురించి నీకు చెప్పానా? లేదు, అప్పటికి నువ్వు వచ్చేశావు. 2022 ఆగస్టు. డబ్బా ఉన్న బీరువా తాళంచెవి మామా బ్యాగులో, మామా లండన్లో. రోజుల తరబడి ఆగాను. ఆమె వచ్చాక నా చేతికి పాస్‌పోర్టు ఇచ్చి, టికెట్ కొనిచ్చి, ఎయిర్‌పోర్టు దాకా వాళ్ళే దించారు. కానీ నేను చెన్నైలో దిగి ఊరు చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇంట్లో పనిచేసేవాళ్ళ పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదని 2015లోనే అక్కడ చట్టం చేశారట. 68వ నంబరు చట్టం. నాకు పోయినేడు తెలిసింది. ఆ ముక్క ముందే తెలిసి ఉంటే అప్పుడు గట్టిగా అడిగేవాణ్ణా... ఏమో.

సరే, ఆ మాట వదిలేద్దాం. మర్నాడే మందూబ్ కాగితాలు తీసుకుని పరిగెత్తాడు. 11వ తారీకు పని అయిపోయింది. ఆఫీసు బయట ఎంత జనమో! మన కడప జిల్లావాళ్ళే ఎంతమంది ఉన్నారో, మాటతీరు వింటే తెలిసిపోతుంది. ఆ తర్వాత అకామా, అక్కడ ఉండే పర్మిట్. నువ్వున్నప్పుడే కదా పాస్‌పోర్టులో స్టిక్కర్ తీసేసింది, 2019 మార్చిలో. ఇప్పుడు సమస్తం బతాకా కార్డులోనే. కార్డు కోసం సౌత్ సుర్రా ఆఫీసుకు పోయాను. మెషిన్లోంచి కార్డు బయటికి వస్తే తీసుకుని ఎండలో నిలబడి చూసుకున్నాను. ఫొటోలో తల కొంచెం నెరిసింది. పేరు సరిగ్గా ఉంది. నాకదే చాలు. అక్టోబరులో బయోమెట్రిక్ కూడా ఇచ్చేశాను. డిసెంబరు 31 దాటితే మనలాంటి వాళ్ళకు బ్యాంకు పని కూడా ఆగిపోతుందన్నారు, అందుకే ముందే పోయి వచ్చాను.

ఇప్పుడు ఏం మారిందో చెబుతాను. జీతం బ్యాంకులో పడుతుంది. మొదటి నెల మెసేజ్ వచ్చినప్పుడు ట్యాంకరు పక్కకు ఆపి చూసుకున్నాను. నూటడెబ్బై దీనార్లు. ఎవరినీ అడగలేదు, ఎవరి ముందూ నిలబడలేదు. డ్యూటీ ఎనిమిది గంటలు. రాత్రి పన్నెండుకు "పాలు తే, పిల్లోణ్ణి తే" అని లేపేవాళ్ళు లేరు. ఏడాదికి ముప్పై రోజుల సెలవు. ఆ సెలవు జీతం కూడా బయలుదేరకముందే ఇచ్చారు! అది చట్టంలోనే ఉందట. దాంతోనే ప్రొద్దుటూరులో పాపకు చెవి కమ్మలు తీసుకున్నాం. మానేసి వచ్చేటప్పుడు లెక్క కూడా ఉంటుంది, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ పైన ఏడాదికి ఒక నెల జీతం. నువ్వు ఆరేళ్ళు కష్టపడి ఏం తెచ్చుకున్నావురా? నీ బకెట్ ఒకటే కదా. అన్నట్టు ఆ నీలం బకెట్ ఇంకా రూములోనే ఉంది, ఎవరూ పారెయ్యలేదు.

అన్నిటికంటే పెద్దది ఒకటుంది. జలీబ్‌లో చెకింగ్ జరిగితే ఇప్పుడు నేను నడక మార్చను. పోలీసు అడిగితే కార్డు తీసి ఇస్తాను, చూసి తిరిగి ఇస్తాడు. నాకు ఎనిమిదేళ్ళ తర్వాత దొరికింది, నీకు ఒక్కరోజు కూడా దొరకలేదు. నువ్వు చెకింగ్ అని వింటే రెండో అంతస్తు బాత్‌రూములో గంటసేపు నిలబడిన రాత్రి నేను మర్చిపోలేదు.

అన్నీ బాగున్నాయని చెబితే నీకు అబద్ధం చెప్పినట్టే. మొన్న భోగి రాత్రి మీ చెల్లెలు అడిగింది, "ఇప్పుడు కంపెనీ వీసా కదా, మమ్మల్ని ఎప్పుడు తీసుకుపోతావు?" అని. భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం ఎనిమిదివందల దీనార్లు ఉండాలి. నూటడెబ్బై ఎక్కడ, ఎనిమిదివందలు ఎక్కడ. ఆమెకు ఆ అంకె చెప్పాను. మళ్ళీ అడగలేదు. పాప పుస్తకం ముందు పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. ఎన్నేళ్ళు చేసినా అక్కడ మనం కార్డు మీద మనుషులమే, ఆరు నెలలు దేశం బయట ఉంటే అకామానే పోతుంది. అందుకే ఫిబ్రవరి 10న బయలుదేరుతున్నాను. ఉన్న ఇరవై మూడు రోజుల్లో పసుపు తవ్వించాలి, అమ్మను కడపలో డాక్టరుకు చూపించాలి, ఇంకా...

ఇప్పుడు గొడవ. మీ బావమరిది చెప్పాడు, నువ్వు మళ్ళీ ఆజాద్ వీసాకు లక్షా అరవై వేలు మాట్లాడుకున్నావట. ఓబులేసూ, వద్దురా. కాళ్ళు పట్టుకుంటాను, వద్దు. ఆజాద్ అంటే పేరుకే స్వేచ్ఛ. కఫీల్ ఒక ఇంట్లో, నువ్వు ఇంకోచోట పనిలో, అకామా అయిపోగానే కల్లివల్లి, కాగితాల్లేని దొంగ బతుకు. 2020లో క్షమాభిక్ష వచ్చిందని క్యాంపుకు పోయి, విమానాలు లేక అక్కడే వారాలు ఇరుక్కున్నావు. రోజూ నీకు ఫోన్ చేసేవాణ్ణి. నీ గొంతు ఎట్లుండేదో నాకే తెలుసు. అప్పుడు జరిమానా లేకుండా పంపారు కాబట్టి మళ్ళీ పోవడానికి అడ్డం లేదు. ఆ అదృష్టాన్ని ఇంటి వీసా మీద తగలెయ్యొద్దు.

పోవాలనుకుంటే కంపెనీ వీసాకే పో. నీ చేతికి కాంట్రాక్టు కాగితం రాకముందు డబ్బు కట్టొద్దు. అందులో జీతం, పని, కంపెనీ పేరు నీ కళ్ళతో చదువు. లైసెన్సు ఉన్న ఏజెంటు ముప్పై వేలకు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. అంతకంటే అడిగితే అక్కడే లేచి వచ్చెయ్. వాడి లైసెన్సు నంబరు మన ప్రభుత్వం సైటు ఈ-మైగ్రేట్‌లో కొట్టి చూడు. ప్రవాసీ భారతీయ బీమా తప్పకుండా చేయించు, రెండేళ్ళకు 275 రూపాయలు, పది లక్షల బీమా. మా కంపెనీలో ఇంకా ఇద్దరు డ్రైవర్లు కావాలని మందూబ్ అన్నాడు. అది ఖాయమైన మాట కాదు, అక్కడికి పోయిన వెంటనే అడుగుతాను. నెలా రెండు నెలలు ఆగరా. ఆ లక్షా అరవై వేలకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చావో నాకు దాచకుండా చెప్పు, మనిద్దరం పోయి అడుగుదాం. నేను ఊళ్ళో ఉండగానే పోదాం.

చెల్లెమ్మ ఒప్పుకుంటే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని ఇక్కడికే రాకూడదూ? అమ్మ నిన్ను ఇప్పటికీ 'ఆ తెల్లచొక్కా అబ్బాయి' అనే అడుగుతోంది. ఆ రోజు ఏమైందంటే

బస్సు హారన్ వినిపిస్తోంది. మైదుకూరులో పోస్టాఫీసు మూయకముందు ఇది వెయ్యాలి. తెల్లచొక్కా సంగతి వచ్చినప్పుడు చెబుతాను. అడ్వాన్సు ఎంతో చెప్పు ముందు.

నీ
పెంచలయ్య