ఆ మేస్త్రీ గారికి

కొందామనుకున్న ఆ ఇల్లు కొనడం లేదని నిన్న రాత్రే అమ్మేవాళ్లకు చెప్పేశాం. నిద్రలేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి.

మావారికి, అన్నయ్యకి, అత్తయ్య గారికి థాంక్స్ వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఆ ఇంటి పక్కింట్లో తాపీ పనికి వచ్చిన మేస్త్రీ గారికి. "నేల కింది గది చూశారామ్మా?" అని ఆయనే అడిగి, అమ్మే వాళ్లను ఒప్పించుకుని లోపలికి వచ్చారు. మేం చూసి మురిసిపోయిన కొత్త పెయింట్ గోడ కింది భాగానికే ఎందుకు వేశారన్నది ఆయన మొదటి ప్రశ్న. పెయింట్ అందని మూలలో తెల్లటి పొడి గీకి చూపించారు. గోడలో చెమ్మ బయటికొచ్చి ఆరిపోతే, అందులోని ఉప్పు అలా మిగులుతుందట. సన్నటి నిలువు పగుళ్లకు పెద్దగా కంగారు పడలేదు గానీ అడ్డంగా సాగిన పగులు దగ్గర ఆగిపోయారు. తడిసిన మట్టి బయటి నుంచి గోడను నెడుతుంటే అలా వస్తుందట.

తేమ లాగే మెషీన్ ఆపించి, ప్లాస్టిక్ షీట్ ముక్కను గాలి చొరకుండా నాలుగు వైపులా గోడకు టేపు వేశారు. "రెండు రోజులు ఉంచండి. గది వైపు తడిస్తే గాలిలో తేమ, గోడ వైపు తడిస్తే గోడలోంచే వస్తోందమ్మా." తీసి చూస్తే గోడ వైపే చుక్కలు. అది చూడ్డానికి ఆయన మళ్లీ వచ్చారు. పక్కింటి పని ముందు రోజే అయిపోయిందని, మా కోసమే వచ్చారని తర్వాత తెలిసింది. డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అక్కడే నాకు ఏడుపు ఆగలేదు. కొనొద్దని మాత్రం ఆయన ఒక్కసారీ అనలేదు. పైకప్పు నీళ్ల గొట్టం పునాది పక్కనే వదిలేశారని, నేల కూడా ఇంటి వైపే వాలిందని, 10 అడుగులకు కనీసం 6 అంగుళాలైనా బయటికి వాలు ఉండాలని చెప్పి, అవి సరిచేసినా ఆ పగులు సంగతి ఇంజినీరుకు చూపించాల్సిందే అన్నారు.

మరి మేం ఫీజు కట్టి తెప్పించుకున్న తనిఖీ రిపోర్టులో ఏముంది? "తేమ ఉండవచ్చు, నిపుణులను సంప్రదించండి." నిపుణుడనే కదా మిమ్మల్ని పిలిచాం! అమ్మేవాళ్లేమో "మాకు తెలిసి సమస్య లేదు" అని ఒక్క ముక్క రాసిచ్చి ఊరుకున్నారు. బ్యాంకు వాళ్లు విలువ కట్టారు, అంతే.

అయ్యో, మర్చిపోయాను. తనిఖీ నచ్చకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించిన లాయర్ గారికి థాంక్స్. టార్చ్ ఇచ్చిన ఎదురింటి ఆంటీకి కూడా. ఆంటీ, టార్చ్ మా కారులోనే ఉండిపోయింది, రేపు తెచ్చిస్తాను.