కాయితాలు చింపనివ్వండి

పర్లాకిమిడి (ఒడిశా), ఆగస్టు నెల

అమ్మలకు, నాన్నలకు, మామ్మలకు, తాతలకు నమస్కారం.

వారం రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒకటే ఫోను. "మేడమ్, చార్టులు ఎన్ని కొనాలి? రంగు కాయితాల పేకెట్టు ఏ షాపులో దొరుకుతుంది?" ఏమీ కొనకండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఈ నెలంతా చేస్తున్నది కొలాజ్. పాత కాయితాలు చింపి, అతికించి బొమ్మ కట్టడం. దానికి కావలసిన సరుకంతా మీ అటకమీద, పరుపుకింద ఇప్పటికే ఉంది.

(కాయితం అని రాశానని ఎర్రపెన్ను తీయకండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన మనిషి తిరిగిన వీధుల్లో ఉంటూ నేను 'కాగితము' అని రాస్తే ఏం బాగుంటుంది? ఈ నెల 29న, ఆయన పుట్టినరోజునాడే, బొమ్మలన్నీ వరండాలో పెడుతున్నాం.)

ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. కిందటేడు చేతిపనుల పోటీలో నేను మొదటి బహుమతి ఇచ్చిన బొమ్మ మహా శుభ్రంగా ఉంది, ఎక్కడా జిగురు మరక లేదు. బహుమతి అందుకుంటూ ఆ పిల్ల "మా నాన్న రాత్రి పన్నెండు దాకా కూచుని చేశారు టీచర్" అంది, గర్వంగానే. ఆ నాన్నని ఏమంటాం? శుభ్రంగా ఉన్నదానికే బహుమతి వస్తుందని ఇన్నేళ్ళూ అందరికీ అలవాటు చేసింది నేనే కదా. అందుకని ఈసారి పోటీ పెట్టడంలేదు. పనంతా బళ్ళోనే, ఇంటికి పంపం.

మూడో తరగతికి మొదటి వారం కత్తెరలు ఇవ్వలేదు. ఒక కుర్రాడు పేపరు నిలువునా చింపాడు, తిన్నగా వచ్చింది. అదే పేపరు అడ్డంగా చింపితే వంకర్లు పోయింది. "టీచర్, ఇది మాట వినట్లేదు" అని తెచ్చి చూపించాడు. మిల్లులో కాయితం తయారయ్యేటప్పుడు గుజ్జులోని పీచు ఎక్కువగా యంత్రం నడిచే వైపుకే పడుకుంటుంది. ఆ వాటం వెంబడి లాగితే తిన్నగా చిరుగుతుంది, ఎదురెళ్తే మొరాయిస్తుంది. వెదురు చీల్చే ఇళ్ళవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడే పాత కేలండరు నీలం ముక్కతో మహేంద్రగిరి కొండ కట్టాడు. రంగు కాయితాన్ని ఒకవైపుకి లాగి చింపితే అంచున తెల్లటి చార కనిపిస్తుంది, ఇంకోవైపుకి లాగితే దాక్కుంటుంది. వాడి కొండ చుట్టూ తెల్లచారే, అచ్చం పొద్దుటి మంచులా. "మంచు ఎలా పెట్టావురా?" అంటే, "నేను పెట్టలేదు, అదే వచ్చింది" అన్నాడు. కత్తెర ఇచ్చి ఉంటే ఆ మంచు వచ్చేది కాదు.

నాలుగో తరగతిలో ఒకమ్మాయి మహేంద్రతనయ ఏరు చేసింది. ఒక గట్టు ఒడియా పేపరుతో, రెండో గట్టు తెలుగు పేపరుతో. నేను పొంగిపోయి "అటు ఒడిశా, ఇటు ఆంధ్రానా?" అని అడిగాను. "కాదు టీచర్, ఒడియా పేపరు అయిపోయింది" అంది.

చింపడం కూడా చదువేనా అని ఒక తాతగారు గేటు దగ్గర అడిగారు. కొలాజ్ అన్న పేరు అతికించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాటలోంచి వచ్చింది. 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు తమ బొమ్మల్లోకి అచ్చువేసిన గుడ్డముక్కలు, గోడకాయితాలు తెచ్చి అతికించినప్పటినుంచి అది పెద్ద కళల్లో చేరింది. నాకు మాత్రం వాళ్ళకన్నా శాంతినికేతన్‌లో చదివి, అక్కడే నేర్పిన చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ గారు ఎక్కువ గుర్తొస్తారు. పుట్టుకతోనే చూపు అంతంతమాత్రం. 1956లో కంటి ఆపరేషన్ తర్వాత అదీ పోయింది. ఆ తర్వాత ఆయన కాయితాలు కత్తిరించి, చేత్తో తడిమి చూసుకుంటూ బొమ్మలు కట్టారు. ఐదో తరగతి పిల్లలు ఇది విని, కళ్ళకి గంతలు కట్టుకుని చేస్తామని పట్టుబట్టారు. చేశారు కూడా. ఒక ఏనుగుకి తొండం వీపుమీద మొలిచింది. అదీ వరండాలో ఉంటుంది.

మామ్మలకి ఇంకో సంగతి. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ కాయితం పూలు కత్తిరించడం మొదలుపెట్టింది 72 ఏళ్ళ వయసులో. నల్లటి కాయితం మీద, ఒక్కో పూవుకీ సన్నసన్న ముక్కలు అతికిస్తూ, పదేళ్ళలో వెయ్యికి కాస్త తక్కువగా చేసింది. చూపు ఆనకపోవడంతో మానేసింది. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శనివారం పూట పిల్లల పక్కన కూర్చోడానికి మీరూ రండి, కుర్చీలు వేయిస్తాం.

జిగురు మేమే కాస్తున్నాం. గ్లాసు మైదాకి నాలుగు గ్లాసుల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద తెలుపు తగ్గి నిగనిగలాడేదాకా తిప్పాలి. ఈ వానల్లో రెండోరోజుకే పులిసిపోతుంది కాబట్టి ఏ పూటకాపూటే. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేయమని ఒకరు సలహా ఇచ్చారు. బైండింగువాళ్ళు వేస్తారు నిజమే, కానీ అది విషం, పిల్లల చేతులు నోట్లోకి పోతాయి. మా వంటమనిషి చింతపిక్కల జిగురు కాస్తానంటోంది. పటచిత్రాలకి గుడ్డ సిద్ధం చేసేది దాంతోనే. పిల్లలు మాత్రం దేన్నైనా 'అఠా' అనే అంటున్నారు, ఒడియా మాటే గెలిచింది.

పాత పేపర్లు, కేలండర్లు, అగరొత్తుల పెట్టెలు, చీరల అట్టలు పంపండి. మెరిసే ప్లాస్టిక్ పూత ఉన్న శుభలేఖలకి మైదా పట్టదు, అవి వద్దు. ఏటీఎం చీటీలు, బస్సు టిక్కెట్లు అసలే వద్దు, వాటి మీద రసాయనం పూత ఉంటుంది. దేవుడి బొమ్మ ఉన్న భాగం ముందే కత్తిరించి ఇంట్లోనే ఉంచుకోండి. కిందటివారం గణపతి బొమ్మ చింపాల్సొచ్చి ఒక పిల్ల ఏడ్చింది. ఎలక్షన్ కరపత్రాలు కూడా పంపకండి. ఎవరి నాయకుడి ముక్కు ఎవరు చింపారన్న తగువు తీర్చే ఓపిక నాకు లేదు.

29న మూడు గంటలకి వరండా తలుపులు తీస్తాం. బొమ్మలు ఇంకా పూర్తిగా ఆరి ఉండకపోవచ్చు, చేత్తో ముట్టుకోకండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు