బల్లి ఫోటో వేయండి, అడ్రస్ వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

ఫ్యాషన్ ఫోటోలు తీస్తూ తీస్తూ అడవి బాట పట్టిన ఫోటోగ్రాఫర్ గురించి గత ఆదివారం అనుబంధంలో మీరు వేసిన కథనం చదివాను. బాగుంది. ఆయన మోడళ్లతో విసిగి సన్యాసం పుచ్చుకున్నట్టు రాయడం మాత్రం నవ్వు తెప్పించింది. నేనూ తిరుపతిలో చీరల క్యాటలాగులు తీసి బతికేవాణ్ణే. వెంకటగిరి జరీ, కాళహస్తి కలంకారీ, నగరి మరమగ్గాల చీరలు, ఏది వచ్చినా కాదనను. తీరిక దొరికితే శేషాచలం వైపు పోతాను. చిన్నవాటిని దగ్గరగా తీసే నా మ్యాక్రో లెన్స్ షోరూమ్ వాళ్ల డబ్బుతో కొన్నదే. అంత పేరున్న అమెరికా ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ కూడా 1948లో వోగ్ పత్రిక పని మీద పెరూ వెళ్లి, ఆ పని ముగిశాక కుస్కోలో ఒక ఫోటో స్టూడియో అద్దెకు తీసుకుని అక్కడి జనాన్ని తీశాడు. అలాగని వోగ్‌ను వదల్లేదు.

చీరల దగ్గర నేర్చిన పని అడవిలో వృథా పోదు. జరీ మెరవాలంటే లైటు ఎదురుగా పెట్టకూడదు, పక్కనుంచి రావాలి. ఎర్రచందనం కాయనూ అలాగే తీసి చూడండి. గుండ్రంగా, పల్చగా ఉంటుంది. మధ్యలో గింజ ఉన్నచోట మాత్రం ఉబ్బు, చుట్టూ కాగితం లాంటి రెక్క. పొద్దుటి ఎండ వెనకనుంచి తగిలితే ఆ రెక్కలో ఈనెలన్నీ లెక్కపెట్టొచ్చు. "అన్నా, అంచు సరిగా పడలేదు" అని షోరూమ్ ఓనర్లు ఏళ్ల తరబడి ప్రాణం తీయబట్టే నాకు అంచులు చూడటం అలవాటైంది.

ఫ్యాషన్ నుంచి అడవికి తీసుకుపోకూడని అలవాటు ఒకటుంది, లొకేషన్ చెప్పడం. క్యాటలాగులో ఫలానా కోట, ఫలానా బీచ్ అని వేస్తే గొప్ప. మీరు ఆ కథనంలో బంగారు బల్లి ఫోటో కింద వాగు పేరు, అక్కడికి వెళ్లే దారి కూడా వేసేశారు! ఆ బల్లి తూర్పు కనుమలది. చెమ్మగా ఉండే రాతి పగుళ్లలో, గుహల్లో ఉంటుంది. పసుపు మెరుపంతా మగదానిదే. ఆడది గుడ్లను రాతికే అంటిస్తుంది, చాలా బల్లులు ఒకేచోట పెట్టడమూ మామూలే. అందుకని ఒక పగులు అడ్రస్ చెబితే ఆ గుంపు మొత్తం అడ్రస్ చెప్పినట్టే. దేవాంగ పిల్లి (పేరుకే పిల్లి, నిజానికి పెద్ద కళ్ల లోరిస్ అనే చిన్న జంతువు) సంగతి ఇంకా టెన్షన్. మూఢనమ్మకాలతో దాన్ని పట్టేవాళ్లున్నారు. రాత్రిపూట తిరిగే ఆ ప్రాణి కళ్లలోకి ఫ్లాష్ కొట్టేవాళ్లకూ కొదవలేదు. ఫోటోగ్రాఫర్ల గ్రూపులో ఇలాంటి ఫోటో ఒకటి పడితే చాలు, "అన్నా, స్పాట్ పంపు" అని నాకే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లంతా చెడ్డవాళ్లని అనను. అందరూ మంచివాళ్లని మాత్రం ఎవరు పూచీ? ఎర్రచందనం దొంగల వార్తలు మీ పేపర్లోనే చదువుతున్నాం కదా.

తలకోన జలపాతం పేరు వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, అది అందరికీ తెలిసిన చోటే. బల్లికి, దేవాంగ పిల్లికి, పక్షి గూళ్లకు మాత్రం 'శేషాచలం' అని వేస్తే సరిపోతుంది. ఫోటో పంపినవాళ్లు చోటు రాసినా డెస్కులోనే కొట్టేయండి. అటవీ శాఖకు కావాలంటే ఫోటో తీసినవాళ్లే నేరుగా చెప్పుకుంటారు. మీ వెబ్ ఎడిషన్‌లో ఆ వాగు పేరు ఈరోజు పొద్దునకీ అలాగే ఉంది, ముందు దాన్ని తీయించండి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్,
కొర్లగుంట, తిరుపతి